గుండె కండరం వీకైతే మాత్రలు ఏం చేస్తాయి? కార్డియోమయోపతీ, సన్నని రక్తనాళాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఇరవై ఏళ్లు దాటింది. గుండె మందుల చీటీతో వచ్చేవాళ్లలో చాలామందికి స్టెంట్ అంటే తెలుసు, బ్లాక్ అంటే తెలుసు. కార్డియోమయోపతీ అని రాసి ఉంటే మాత్రం చీటీ నా ముందు పెట్టి "అన్నా, ఇదేం జబ్బు?" అంటారు. మా నాయనకీ ఇదే జబ్బు. అందుకే కింద ఉన్న ప్రశ్నల్లో సగం ఒకప్పుడు నేనే అడిగినవి. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. ఇది చదివి డోసు మార్చుకోకండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌ని ఏం అడగాలో తెలిస్తే చాలు.

యాంజియోగ్రామ్ నార్మల్ అన్నారు. బ్లాకులే లేకపోతే గుండె ఎలా వీకయింది?

అందరూ మొదట అడిగేది ఇదే. కొందరైతే రిపోర్టే తప్పేమో అనుకుని చిత్తూరు నుంచి వేలూరుకి, వేలూరు నుంచి చెన్నైకి తిరుగుతారు.

కార్డియోమయోపతీ గుండె కండరానికి వచ్చే జబ్బు. వైరస్ జ్వరం తర్వాత రావచ్చు. ఏళ్ల తరబడి తాగిన సారా వల్ల, కొన్ని క్యాన్సర్ మందుల వల్ల, కాన్పు సమయంలో, వంశపారంపర్యంగా కూడా రావచ్చు. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్లూ ఉంటారు. గుండె సాగి పెద్దదైతే డైలేటెడ్ అంటారు, గోడలు మందమైతే హైపర్‌ట్రోఫిక్ అంటారు. మన దగ్గర ఎక్కువగా వినపడే పేర్లు ఈ రెండే.

ఇక నాళాల సంగతి. చెరువు కింద సేద్యం చేసిన ఇళ్లవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. తూము బాగుంటుంది, పెద్ద కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి, అయినా చివరి మడి ఎండుతుంది. పిల్లకాలువలు పూడితే అంతే కదా. యాంజియోగ్రామ్‌లో కనపడేవి పెద్ద కాలువలు మాత్రమే. అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండే నాళాలు ఆ ఫిల్మ్‌లో కనపడవు. కండరంలోకి రక్తాన్ని పంచేది మాత్రం అవే.

గుండె సాగిపోయినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి ఈ సన్నని నాళాలను అదుముతుంది. నాళాల లోపలి పొర నుంచి రావాల్సిన నైట్రిక్ ఆక్సైడ్ తగ్గడంతో అవి అవసరానికి విప్పుకోలేవు. కండరం మధ్యలో నారలాంటి మచ్చ పేరుకుంటుంది. హైపర్‌ట్రోఫిక్ రకంలో అయితే ఆ చిన్న నాళాల గోడలే మందమై లోపలి దారి ఇరుకవుతుంది. రక్తం అందక కండరం ఇంకా వీకవుతుంది, కండరం వీకయ్యేకొద్దీ నాళాలు ఇంకా నలుగుతాయి.

ఇది ఊహ కాదు. 2003లో అచ్చయిన అధ్యయనంలో ఇటలీ వైద్యులు 51 మంది హైపర్‌ట్రోఫిక్ పేషెంట్లకి పెట్ స్కాన్ (కండరానికి రక్తం ఎంత అందుతోందో కొలిచే స్కాన్) చేసి, ఆ తర్వాత సుమారు ఎనిమిదేళ్లు గమనించారు. స్కాన్ వేళ నాళాలను విప్పే మందు ఇచ్చినా రక్తప్రవాహం సరిగా పెరగనివాళ్లకే తర్వాతి కాలంలో ఎక్కువ ప్రమాదం జరిగింది. స్కాన్ చేసిన రోజున వాళ్లలో చాలామందికి పెద్దగా ఇబ్బందే లేదు.

పంపింగ్ 30 అన్నారు. అంటే 70 శాతం గుండె పోయినట్టేనా?

కాదు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో 55 నుంచి 70 శాతమే బయటికి నెడుతుంది. నూరు ఎవరికీ ఉండదు. 30 అంటే మామూలులో దాదాపు సగం పని జరుగుతోందని లెక్క. ఇంకో మాట. ఎకో తీసే మనిషి మారితే ఈ అంకె నాలుగైదు అటూ ఇటూ అవుతుంది. 32 కాస్తా 30 అయిందని రాత్రంతా టెన్షన్ పడకండి.

ఈ మాత్రలు కండరానికా, సన్నని నాళాలకా?

రెండిటికీ. ఏ మాత్ర దేనికో విడదీసి చెప్పడం కష్టం. ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, చీటీలో ఎక్కువగా ఉండేవి ఇవే కాబట్టి.

మొదటిది బీటా బ్లాకర్, అంటే నాడిని నెమ్మదింపజేసే మందు: కార్వెడిలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్, బిసోప్రొలాల్. గుండె తన కండరానికి కావాల్సిన రక్తాన్ని పిండుకునేటప్పుడు కాదు, రెండు దెబ్బల మధ్య వదులైనప్పుడు ఎక్కువగా తీసుకుంటుంది. నాడి నిమిషానికి 100 ఉంటే ఒక్కో దెబ్బకి దొరికేది 0.6 సెకను, అందులో దాదాపు సగం పిండుకోవడానికే పోతుంది. నాడి 60కి దిగితే దెబ్బకి పూర్తి సెకను దొరుకుతుంది. పిండుకునే సమయం పెద్దగా మారదు కాబట్టి మిగిలినదంతా విరామమే. ఆ విరామంలోనే పిల్లకాలువలు నిండుతాయి. కార్వెడిలాల్ కొన్ని నెలలు వాడాక డైలేటెడ్ పేషెంట్లలో కండరానికి రక్తం అందే శక్తి మెరుగైందని చిన్న అధ్యయనాల్లో పెట్ స్కాన్‌తో కొలిచి చూశారు.

రెండోది ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మందు, లేదా దానికి బదులు ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న సాకుబిట్రిల్-వాల్సార్టాన్. ఒంట్లో యాంజియోటెన్సిన్ అనే పదార్థం నాళాలను బిగిస్తుంది, కండరంలో మచ్చ పెంచుతుంది. ఈ మందులు దాని దారికి అడ్డం పడతాయి. 2014లో వచ్చిన పారడైమ్ అధ్యయనంలో సాకుబిట్రిల్-వాల్సార్టాన్‌ను ఎనలాప్రిల్‌తో పోల్చారు. గుండె జబ్బుతో మరణించడం, హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె ఒంటికి సరిపడా రక్తం నెట్టలేకపోవడం) ఆసుపత్రి పాలవడం, ఈ రెండూ కలిపి లెక్కేస్తే 20 శాతం తగ్గాయి. ఒక హెచ్చరిక: ఎనలాప్రిల్, రామిప్రిల్ నుంచి దీనికి మారేటప్పుడు మధ్యలో 36 గంటల గ్యాప్ ఉండాలి. లేకపోతే పెదవులు, నాలుక, గొంతు వాచే ప్రమాదం ఉంది. ఇంట్లో పాత షీట్ మిగిలింది కదా అని రెండూ కలిపి వేసుకున్నవాళ్లను నేను చూశాను.

మూడోది స్పైరోనోలాక్టోన్. మచ్చ పేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. 1999లో వచ్చిన రేల్స్ అధ్యయనంలో జబ్బు బాగా ముదిరినవాళ్లలో మరణాలను 30 శాతం తగ్గించింది. రక్తంలో పొటాషియం పెరగకుండా మాత్రం కన్నేసి ఉంచాలి. కొంతమంది మగవాళ్లకి రొమ్ము దగ్గర వాపు, నొప్పి వస్తాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు, మాత్ర మానేస్తారు. డాక్టర్‌కి చెప్తే ఎప్లరెనోన్‌కి మారుస్తారు.

నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. దాని గురించి కిందే ఉంది.

నిజం చెప్పాలంటే "సన్నని నాళాల మాత్ర" అని విడిగా ఏదీ లేదు. ఈ నాలుగింటితో ఆయుష్షు పెరగడం, ఆసుపత్రి చేరికలు తగ్గడం పెద్ద అధ్యయనాల్లో తేలింది. నాళాల మీద ప్రభావం చూపించినవి మాత్రం చిన్న అధ్యయనాలే. యూట్యూబ్‌లో ఎవరైనా "నాళాలను శుభ్రం చేసే మందు" అంటే నమ్మకండి.

నాకు షుగర్ లేదు. షుగర్ మాత్ర ఎందుకు రాశారు?

డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందుగానే పుట్టింది. 2019లో డాపా హెచ్‌ఎఫ్ అధ్యయనం వచ్చాక కథ మారింది. షుగర్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకేలా మేలు కనిపించింది. గుండెకి ఎలా మేలు చేస్తోందన్న విషయంలో వైద్యుల మధ్య వాదనలు ఇంకా నడుస్తున్నాయి. చేస్తోందన్న దానిలో వాదన లేదు. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఆ భాగంలో దురద, ఫంగస్ రావచ్చు. శుభ్రంగా కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు.

బీపీకి కూడా వాడే ఎనలాప్రిల్ జాతి మాత్రల సంగతీ ఇంతే. "నాకు బీపీ తక్కువే కదా, బీపీ మాత్రేంది?" అంటారు. ఇక్కడ ఆ మందు పని గుండె భారం దించడం. కళ్లు తిరిగితే ఆపేయకుండా డాక్టర్‌కి చెప్పండి. మాత్రల వేళలు మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

కార్వెడిలాల్ మొదలెట్టాక ఇంకా నీరసంగా ఉంది. పడట్లేదా?

మొదటి వారాల్లో అలా ఉండొచ్చు. అందుకే 3.125 మిల్లీగ్రాముల బుల్లి మాత్రతో మొదలుపెట్టి, ఒళ్లు తట్టుకుంటే రెండు వారాలకోసారి రెట్టిస్తూ పూటకి 25 దాకా తీసుకెళ్తారు. ఒకప్పుడు వీకైన గుండెకి ఈ బీటా బ్లాకర్ జాతి మందులు ఇవ్వకూడదనే వైద్య పుస్తకాల్లో ఉండేది. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వాగ్‌స్టీన్ బృందం ధైర్యం చేసి ఏడుగురు పేషెంట్లకి ఇచ్చి చూసింది. వాళ్లు కోలుకోవడం మొదలుపెట్టారు. మిగతా ప్రపంచం ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. కాబట్టి మీకు రెండు వారాల్లో నమ్మకం కుదరకపోతే వింతేం లేదు. ఆయాసం పెరిగినా, నాడి 50 కన్నా దిగినా, కళ్లు తిరిగి పడిపోయినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎకోలో తేడా ఎన్నాళ్లకి కనిపిస్తుంది?

మూడు నెలల నుంచి ఆరు నెలలు. కొందరికి ఏడాది. ఆయాసం తగ్గడం మాత్రం ముందే తెలుస్తుంది. పంపింగ్ 35 దాటకపోతే ఐసీడీ అనే షాక్ మెషీన్ అవసరమా అని ఆలోచిస్తారు, అదీ మందులు పూర్తి డోసులో కనీసం మూడు నెలలు వాడాకే.

పంపింగ్ 50కి వచ్చింది. ఇక మాత్రలు ఆపొచ్చు కదా?

మా నాయన కథ ఇక్కడ చెప్పాలి. మొదటి ఎకోలో ఆయన పంపింగ్ 28. తెర మీద గుండె గోడలు కొడుతున్నట్టు కాక, నీళ్లలో గుడ్డ ఊగుతున్నట్టు కదిలాయి. ఏడాదిన్నర మందులు వాడాక 48కి వచ్చింది. ఆ రిపోర్టు చూసిన ఒక డాక్టర్ "గుండె నార్మల్ అయిపోయింది పెద్దాయనా" అన్నారట. అంతే, ఊరికి పోయి మాత్రల డబ్బా బీరువా మీద పెట్టేశాడు. నాకు చెప్పలేదు. నేనూ ఆ మూడు నెలలు షీట్లు ఎందుకు పంపమనలేదని అడగలేదు. మందుల షాపు నడిపే కొడుకుని, ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. సంక్రాంతికి వెళ్లేసరికి చెప్పుల వారు పాదంలోకి దిగి కనిపించింది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది, వేలు తీసినా అది నిండలేదు. ఎకోలో మళ్లీ 33.

2018లో లండన్ వైద్యులు సరిగ్గా ఈ ప్రశ్ననే పరీక్షించారు. డైలేటెడ్ జబ్బు నుంచి కోలుకున్న 51 మందిని తీసుకుని, 25 మందికి మందులు మెల్లగా ఆపారు. ఆరు నెలల్లో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవాళ్లలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. పుత్తూరు కట్టు అయితే ఎముక అతుక్కున్నాక విప్పేస్తారు. ఈ మాత్రలు ఆ జాతివి కావు. గుండె బాగుపడలేదు, మాత్రల మీద బాగుంది, అంతవరకే.

నొప్పి వస్తే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోవచ్చా?

మీ జబ్బు ఏ రకమో తెలియకుండా వద్దు. మన ఇళ్లలో గుండె నొప్పి అనగానే పక్కింటాయన జేబులో నుంచి సార్బిట్రేట్ తీసి ఇస్తాడు. హైపర్‌ట్రోఫిక్ రకంలో, అందులోనూ రక్తం బయటికి పోయే దారి ఇరుకుగా ఉంటే, అది నాళాలను ఒక్కసారిగా విప్పి ఆ ఇరుకును ఇంకా పెంచుతుంది. మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఒంట్లో నీరు దించే నీళ్ల మాత్ర ఎక్కువైనా ఇదే ఇబ్బంది. ఈ రకానికి బీటా బ్లాకర్ కానీ వెరాపమిల్ కానీ ఇస్తారు. మావాకామ్టెన్ అనే కొత్త మందుకి 2022 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది అతిగా బిగుసుకునే కండరాన్ని వదులు చేస్తుంది. మరీ వదులైతే పంపింగ్ పడిపోతుంది కాబట్టి తరచూ ఎకో తీస్తూనే ఉండాలి.

ఒకే "కార్డియోమయోపతీ" పేరు, మందులు మాత్రం దాదాపు తలకిందులు. అందుకే పక్కవాళ్ల చీటీ చూసి మందు కొనడానికి వచ్చేవాళ్లను వెనక్కి పంపిస్తాను. వాళ్లకి నా మీద కోపం వస్తుంది. రానీ.

నీళ్ల మాత్ర రోజూ వేసుకోవాలా?

ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ ఒంట్లో నీరు దించడానికి. ఆయాసం వెంటనే తగ్గిస్తాయి కానీ కండరాన్ని బాగుచేయవు. తేడా తొందరగా తెలుస్తుంది కాబట్టి దీన్ని ఉంచుకుని మిగతావి మానేసేవాళ్లు ఉన్నారు, అది తలకిందుల లెక్క. పొద్దున్నే ఒకటికి పోయొచ్చాక, కాఫీ తాగకముందు బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డాక్టర్‌కి ఫోన్ చేయండి.

తిండిలో ఏం మానాలి?

సంగటి మానక్కర్లేదు. దాని పక్కన పెట్టుకునే ఊరగాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ, ఎండు చేపలు, వీటిలో ఉంది ఉప్పంతా. రోజు మొత్తానికి చిన్న చెంచాడు ఉప్పు దాటకూడదు. "ఉప్పు తగ్గించమన్నారు కదా" అని లో సోడియం ఉప్పు కొనేవాళ్లకి ఒక మాట. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్ వేసుకునేవాళ్లకి అది ప్రమాదం. రోజుకి రెండు టెంకాయల నీళ్లు తాగడమూ అంతే.

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ మాత్ర, సూది వద్దు. ఒంట్లో నీరు నిలబెడతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసెటమాల్ అడగండి.

కొలెస్ట్రాల్ మాత్రతో నాళాలు బాగుపడవా?

పెద్ద నాళాల్లో కొవ్వు ఉన్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి అది కావాల్సిందే. ఉత్త కండరం జబ్బుకి మాత్రం కాదు. 2008లో ఇటలీ పెద్ద అధ్యయనంలో రోసువాస్టాటిన్ హార్ట్ ఫెయిల్యూర్ వాళ్ల ఆయుష్షు పెంచలేదు.

సన్నని నాళాలకి విడిగా టెస్టు ఉందా?

ఉంది. నాళాలను విప్పే అడినోసిన్ అనే మందు ఇచ్చి పెట్ స్కాన్ కానీ ఎమ్మారై కానీ తీసి, రక్తప్రవాహం ఎన్ని రెట్లు పెరిగిందో చూస్తారు. మామూలుగా మూడు నాలుగు రెట్లు పెరగాలి. రెండు రెట్లు కూడా పెరగకపోతే నాళాలు విప్పుకోవట్లేదని అర్థం. అందరికీ అక్కర్లేదు. ఫలితం ఏదైనా చాలాసార్లు రాసే మాత్రలు ఇవే. బ్లాకులు లేకపోయినా ఛాతీ నొప్పి వదలనివాళ్ల విషయంలో డాక్టర్ ఆలోచిస్తారు.

కొండకి నడిచి మొక్కు తీర్చుకోవాలి. వెళ్లొచ్చా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388, దూరం తక్కువే కానీ ఎక్కుడు ఎక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ వాళ్లే చెప్తుంటారు. బస్సులో వెళ్లండి, మొక్కు మీ తరఫున ఇంట్లోవాళ్లు నడిచి తీర్చొచ్చు. నాయన అలిపిరి మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి బస్సెక్కాడు. క్యూలో ఎంతసేపవుతుందో తెలియదు కాబట్టి మధ్యాహ్నం, రాత్రి మాత్రలు లగేజీలో కాకుండా జేబులో పెట్టుకోండి. ఆ రోజు నీళ్ల మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి.

పెరటాశి (సెప్టెంబరు-అక్టోబరులో వచ్చే తమిళ నెల) శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లు డాపాగ్లిఫ్లోజిన్ గురించి తప్పకుండా అడగాలి. తిండి లేకుండా అది వేసుకుంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రమాదం రావచ్చు. వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లోనూ అంతే, ఏవి ఆపాలో డాక్టర్‌నే అడగండి.

పిల్లలకి వస్తుందా?

కొన్ని రకాలు వస్తాయి. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం) శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలో, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యులోపం మన దేశంలో నూటికి నలుగురిలో ఉందని తేలింది. ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. అయినా అమ్మకో నాయనకో ఈ జబ్బుంటే పిల్లలు, తోబుట్టువులు ఈసీజీ, ఎకో తీయించుకోవాలి. గర్భం దాల్చాలనుకునే ఆడపిల్లలకి ఈ మందుల్లో కొన్ని పనికిరావు: ఎనలాప్రిల్ జాతి, సాకుబిట్రిల్-వాల్సార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటివి. ముందే చెప్పాలి.

నెలకి ఖర్చు తగ్గేది ఎలా?

డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో అయిపోయాయి. జనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది. జన ఔషధి కేంద్రంలో అడగండి. నా షాపుకి నష్టమే, అయినా అడగండి. డబ్బు చాలక రోజు మార్చి రోజు వేసుకోవడం కన్నా చవక బ్రాండు రోజూ వేసుకోవడం మేలు.

ఒక పూట మర్చిపోతే?

గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడి ఉంటే వదిలేయండి, రెండూ కలిపి మింగొద్దు. నాయనకి ఇప్పుడు బిస్కెట్ల డబ్బాలో ఏడు చిన్న కవర్లు, ఒక్కోదాని మీద వారం పేరు. ఆదివారం సాయంత్రం ఆయన ముందే కూర్చుని నింపుతాను. ఖాళీ కవరు లెక్క తప్పితే ఆయనే ముందు ఒప్పుకుంటాడు.